యాట బ్రతుకు

ఒక భాషలోని మాట పొరుగు భాషలో అడుగు పెట్టగానే వేషం మార్చుకొని మనలను బోల్తా కొట్టించడం అనువాదకులకు నిత్యానుభవం. 2024 మార్చి 28న విడుదలైన మలయాళ చిత్రం 'ఆడుజీవితం' పేరు విని, అది స్త్రీల కడగండ్లను గూర్చిన చిత్రమని భ్రమపడిన తెలుగువారు నాకు తెలిసినంతలోనే నలుగురైదుగురున్నారు. నోయిడాలో మా ఎదురింటి పిన్నిగారు, "ఆడవాళ్ళ సినిమాకు నువ్వొక్కడివే వెళ్ళి వచ్చావేం నాయనా, అమ్మాయిని కూడా తీసికొని వెళ్ళవలసింది కాదూ!" అని నన్ను మెత్తగా మందలించారు కూడా.

మలయాళంలోను, తమిళంలోను 'ఆడు' అంటే మేక. ఆ చిత్రం పేరుకు మేక బ్రతుకు అని అర్థం. ఆ మాటకు తోబుట్టువు మన భాషలోనూ లేకపోలేదు. పాత నిఘంటువులలో అది 'ఏట' అనే రూపంలో కనబడుతుంది. తెలంగాణ పల్లెలలో మాత్రం 'యాట' అనే పేరుతో నేటికీ సజీవంగా తిరుగుతున్నది. గోదావరి ఒడ్డున పుట్టి, ఢిల్లీకి వచ్చి, ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకొన్న నాకు ఈ మాటను నేర్పినది నిఘంటువు కాదు. 2012లో ఒక మనిషి నేర్పాడు. ఆయన ప్రసక్తి తరువాత వస్తుంది. ముందు చిత్రం సంగతి చెప్పనివ్వండి.

కేరళలో ఏటి అడుగుకు మునిగి ఇసుక తోడి, పడవల కెక్కించి పొట్టపోసుకొనే నజీబ్ అనే యువకుడు కట్టుకొన్న ఇల్లాలిని, కన్నతల్లిని విడిచి, అప్పో సప్పో చేసి వీసా సంపాదించి, సౌదీ అరేబియాలో దిగుతాడు. తోడు హకీమ్ అనే కుర్రవాడు. తమను తీసికొనిపోవలసిన మనిషి కోసం విమానాశ్రయం వెలుపల పడిగాపులు పడుతూ ఉండగా ఎవరో ఒక అరబ్బు వచ్చి, పాస్‌పోర్టులు పుచ్చుకొని, బండి ఎక్కమంటాడు. ఈయనే కాబోలు మన యజమాని అని ఇద్దరూ ఎక్కుతారు. అక్కడితో లోకంతో వారికి సంబంధం తెగిపోతుంది. ఎడారి నడుమ ఒక మేకల దొడ్డిలో నజీబ్‌ను, మరొక దొడ్డిలో హకీమ్‌ను దించివేస్తారు. మేకలకు తొట్టి నిండా నీళ్ళు ఉంటాయి. మనిషి ఒళ్ళు కడుక్కొనేందుకు మాత్రం అవి పనికిరావు. జీతం లేదు, ఉత్తరం లేదు, తేదీ తెలియదు. మూడేళ్ళకు పైబడి అలా గడచిన తరువాత, యజమాని పెళ్ళికి వెళ్ళిన రోజున, ఇబ్రహీం ఖాదిరి అనే ఆఫ్రికా దేశస్థుని వెంట ఇద్దరూ పారిపోతారు. ఎడారిలో కాలినడక. హకీమ్ దాహోన్మాదంతో ఇసుక నోట కుక్కుకొని మరణిస్తాడు. ఇబ్రహీం ఒకనాటి ఉదయం కనబడడు. నజీబ్ ఒక్కడే రహదారి చేరుకొంటాడు.

ఇది పూర్తిగా కల్పన కాదు. ఆలప్పుళ జిల్లాకు చెందిన ఒక నజీబ్ 1990ల తొలినాళ్ళలో అనుభవించిన బ్రతుకును, అప్పట్లో బహ్రెయిన్‌లో ఉద్యోగం చేస్తూ ఉండిన బెన్యామిన్ అనే రచయిత ఆయన నోటనే విని, 2008లో నవలగా ప్రచురించాడు. మరుసటి ఏడు దానికి కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. జోసెఫ్ కోయిప్పళ్ళి చేసిన ఇంగ్లీషు అనువాదం 2012లో వెలువడి, నవలను కేరళ ఎల్లలు దాటించింది.

చిత్రాన్ని చూచినవారు సాధారణంగా రెండవ సగాన్నే తలచుకొంటారు. ముగ్గురు మనుషులు, అంతులేని ఇసుక, తుఫాను, దాహం. ఊపిరి బిగబట్టించే ఘట్టాలన్నీ అక్కడే ఉన్నాయి గనుక అది సహజం. నన్ను ఎక్కువగా కలచివేసినది మొదటి సగం. అందులో యజమాని అరబ్బీలో ఏదో అంటాడు. నజీబ్ మలయాళంలో ఏదో బదులు చెబుతాడు. నేను చూచిన ప్రతిలో ఆ అరబ్బీ సంభాషణలకు తెర అడుగున తర్జుమా లేదు. దర్శకుడు బ్లెస్సీ మనలను కూడా నజీబ్ చెవులతోనే విననిచ్చాడు. పరాయి భాషలో తిట్టు ఏదో, ఆజ్ఞ ఏదో, నీళ్ళిస్తానన్న మాట ఏదో తెలియని స్థితి అది. వృత్తిరీత్యా రెండు భాషల నడుమ వంతెన కట్టే నాబోటివాడికి ఆ ఘట్టాలు చెంపపెట్టులా తగిలాయి. నెలలు గడిచేకొద్దీ నజీబ్ మాటలు తగ్గిపోతాయి. పలకరించవలసినవి మేకలే గనుక వాటి అరుపే అతని నోట వస్తుంది. ఒక మనిషిని భాష నుండి వెలివేస్తే ఏమి మిగులుతుందో చూపడానికి మేకల దొడ్డిని మించిన రంగస్థలం దొరకదు.

లోపాలు లేవని కాదు. ఏటి నీళ్ళలో భార్యాభర్తల జలకాలాటలు, వాటి వెనుక ఏ.ఆర్. రెహమాన్ బాణీ అందంగా ఉన్నాయి. ఆ అందమే ఇబ్బంది. నీటి అడుగు నుండి ఇసుక తీసినవాడే ఇసుక నడుమ నీటి కోసం అలమటించడం కథలో సహజంగా ఉన్న విపర్యయం. దానిని ఒకసారి చూపితే చాలు, ప్రేక్షకుడు మరచిపోడు. మూడు గంటలకు ఇంచుమించు సాగిన ఈ చిత్రంలో ఆ మాట పలుమార్లు చెప్పారు.

ఎడారిలో ప్రాణాల కోసం పెనుగులాడే మనిషి తెరకు కొత్త కాదు. 1962 నాటి 'లారెన్స్ ఆఫ్ అరేబియా' మొదలు, 1965 నాటి 'ఫ్లైట్ ఆఫ్ ది ఫీనిక్స్' మొదలు, పాశ్చాత్య చిత్రాలలో ఎడారి ఒక పరీక్షాస్థలం. లారెన్స్ చిత్రంలో కొంత భాగాన్ని తీసినది జోర్డాన్‌లోని వాదీ రమ్ లోయలో. విచిత్రమేమంటే ఆడుజీవితం చిత్రీకరణ కూడా ఆ లోయలో జరిగింది. అవే ఎర్రని కొండలు, అదే ఇసుక. ఆ చిత్రంలో ఒంటె మీద కూర్చున్నవాడు ఎడారిని ఏరికోరి వచ్చినవాడు. కనుక అతని కంటికి అది మహాద్భుతం. ఫ్రెంచి రచయిత సెంట్ ఎగ్జూపెరీ 1935 డిసెంబరు 30న తన సహచరుడితో కలిసి లిబియా ఎడారిలో విమానంతో సహా కూలిపోయి, నాలుగు రోజుల పాటు చావుతో చెలగాటమాడి, చివరకు ఒక బెదూయిన్ కంటపడి బ్రతికాడు. ఆయన అనుభవించిన దాహం నజీబ్ దాహానికి ఏ మాత్రం తీసిపోదు. అయినా ఆయనను ఎవరూ కొట్టి ఎడారిలో కట్టివేయలేదు. ఆయన పేరు, ఆయన ప్రయాణించిన దారి పారిస్‌లో తెలిసినవే. వెతికేవారున్నారన్న నమ్మకంతో నడవడం వేరు. మనం మాయమైన సంగతే ఎవరికీ తెలియదని ఎరిగి నడవడం వేరు.

దాహం మాట వచ్చింది గనుక శాస్త్రజ్ఞులు దానిని గురించి కనిపెట్టిన విషయాలు కొన్ని చెప్పుకొందాం. 1905 ఆగస్టులో పాబ్లో వలెన్సియా అనే నలభయ్యేళ్ళ మనిషి అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో బంగారు గని వెతుక్కుంటూ దారితప్పాడు. అతని వద్ద ఉన్న నీళ్ళు ఒక్క రోజుకు సరిపోయేవి. దరిదాపు ఏడు రోజుల తరువాత, అక్కడ ఒక నీటి గుంట వద్ద మకాం వేసి వాతావరణాన్ని పరిశీలిస్తూ ఉండిన డబ్ల్యు.జె. మెగీ అనే శాస్త్రజ్ఞునికి తెల్లవారుజామున ఎద్దు రంకె వంటి ఒక అరుపు వినిపించింది. వెళ్ళి చూస్తే మనిషి ఎముకల గూడులా ఉన్నాడు. పెదవులు ఎండి లోపలికి ముడుచుకొని పోయి పళ్ళు బయటపడ్డాయి. నాలుక నల్లని పిడచ అయినది. ముళ్ళు గీరుకొన్న చోట రక్తం రాలేదు. కన్ను వెలుగును మాత్రమే గుర్తించగలదు. చెవి పెద్ద చప్పుడును మాత్రమే. మెగీ అతనిని ఒంటి మీద నీళ్ళు చల్లుతూ, కొద్దికొద్దిగా త్రాగిస్తూ బ్రతికించాడు. మరుసటి ఏడు తన వ్యాసంలో ఆయన దాహాన్ని ఒక వ్యాధిగా పరిగణించి, దాని దశలను ఒకటొకటిగా వర్ణించాడు. ఏ చలనచిత్రపు రంగుపూతా ఆ వర్ణనకు సాటిరాదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల నిమిత్తం అడాల్ఫ్ అనే శరీరశాస్త్రవేత్త, ఆయన సహచరులు కాలిఫోర్నియా ఎడారిలో జరిపిన ప్రయోగాలు 1947లో గ్రంథరూపంలో వచ్చాయి. ఒక లీటరు చెమట ఆవిరి అయితే ఒంటి నుండి సుమారు 580 కిలోకాలరీల వేడి వెళ్ళిపోతుంది. ఎడారిలో మనిషిని కాపాడేది ఆ చెమటే. అతని ఒంటిలోని నీటిని తోడివేసేది కూడా అదే. ఎండలో నడిచేవాడు గంటకు ఒక లీటరు చొప్పున పోగొట్టుకోవచ్చు. నీడలోనే పగటివేడి 49 డిగ్రీలకు చేరే చోట నీళ్ళు లేకుండా కదలక పడి ఉన్నవాడు సుమారు రెండు రోజులు బ్రతుకుతాడని, రాత్రిపూట నడక సాగించినవాడికి అందులో సగమే గడువని వారు లెక్క కట్టారు. సీసాలో నీళ్ళు దాచుకొని, గుక్కెడు గుక్కెడుగా పొదుపు చేసుకొన్నందువల్ల లాభం లేదని, ఉన్న నీటిని త్రాగి చెమటను పొదుపు చేసుకోవడమే మేలని వారు చెప్పిన మాట నేటికీ సైనికులకు పాఠం.

దారి తప్పినవాడు తిరిగి తిరిగి మొదటి చోటికే వస్తాడని మన పెద్దలు చెప్పే మాటకు కూడా శాస్త్రం సాక్ష్యం పలికింది. 2009లో యాన్ సౌమన్ అనే పరిశోధకుడు, ఆయన బృందం కొందరిని ట్యునీషియా ఎడారిలోను, జర్మనీ అడవిలోను నడిపించి చూచారు. సూర్యుడో చంద్రుడో కనిపించినంతసేపు ఇంచుమించు తిన్నగానే నడిచారు. వెలుగు మరుగుపడగానే, తాము తిన్నగా పోతున్నామనుకొంటూనే వంకర తిరిగి, తమ అడుగుజాడలనే తాము దాటారు.

ఇటువంటి సంగతులు చదువుతూ ఉంటే మన ఢిల్లీ వేసవి మాటకు వస్తుంది. ఆ చిత్రం వచ్చిన ఏడే, మే 29న, ముంగేశ్‌పూర్‌లో 52.9 డిగ్రీలు నమోదైనదని కలకలం రేగింది. ఆ యంత్రం మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తున్నదని వాతావరణ శాఖ తరువాత తేల్చింది. తీసివేసినా దాదాపు 50 మిగిలింది! ఆ మధ్యాహ్నం మా వీధిలో గోడ కడుతున్న కూలీలు పనిచేస్తూనే ఉన్నారు.

చిత్ర నిర్మాణం గురించి పత్రికలలో చాలా వచ్చింది కనుక ఇక్కడ ఎక్కువ చెప్పను. నవల చదివిన నాటి నుండి విడుదల వరకు బ్లెస్సీకి పదహారేళ్ళు పట్టినది. నటుడు పృథ్వీరాజ్ సుకుమారన్ పాత్ర కోసం 30 కిలోలకు పైగా బరువు తగ్గించుకొన్నాడు. 2020లో కోవిడ్ మూలాన 58 మంది చిత్రబృందం జోర్డాన్‌లో చిక్కుబడి, మే 22న ప్రత్యేక విమానంలో కొచ్చి చేరుకొన్నది. తక్కిన భాగంలో కొంత అల్జీరియాలోని సహారాలో తీశారు. ఉత్తమ నటుడు, ఉత్తమ దర్శకుడు సహా తొమ్మిది కేరళ రాష్ట్ర పురస్కారాలు వచ్చాయి. అరబ్బు ప్రేక్షకులలో కొందరు, ఒక దుర్మార్గుని చూపి తమ జాతినంతటినీ నిందించారని నొచ్చుకొన్నారు. రహదారి మీద నజీబ్‌ను తన కారులో ఎక్కించుకొని, నీళ్ళిచ్చి, నగరంలో దించినవాడు కూడా అరబ్బే అన్న సంగతి వారి దృష్టికి ఆనినట్లు లేదు.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ వలసలకు మూడు మాటలలో పేరు పెట్టారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్‌కు పోని ఊరు అరుదు. కడప జిల్లా రాజంపేట వైపు నుండి కువైట్‌కు, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనికి స్త్రీలు వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతున్నది. 'కఫీల్', 'ఆజాద్ వీసా', 'కల్లివెల్లి' అనే మాటలు అక్కడి పల్లెలలో నాగలి, గొడ్డలి అన్నంత సహజంగా వాడుకలో ఉన్నాయి. యజమాని వద్ద నుండి తప్పుకొని, చేతిలో కాగితం లేక దొంగచాటుగా పని చేసుకొనేవాడు కల్లివెల్లి. మన చలనచిత్రాలు మాత్రం ఈ లోకాన్ని అరుదుగానే తొంగిచూచాయి. పి. సునీల్‌కుమార్ రెడ్డి 2017లో 'గల్ఫ్' అనే చిత్రం తీసి కొంత ప్రయత్నం చేశాడు.

చిత్రం విడుదలైన నాలుగైదు నెలలకే జీవితం దానిని అనుకరించినట్లయినది. 2024 జులైలో నిర్మల్ జిల్లాకు చెందిన ఒకాయన కువైట్ ఎడారి నుండి కన్నీళ్ళతో ఒక వీడియో పంపాడు. ఇంటిపని అని తీసికొనివెళ్ళి, ఎండలో ఒంటెలు కాయడానికి పెట్టారని, తనను రక్షించమని దాని సారాంశం. ఇంచుమించు అప్పుడే కోనసీమకు చెందిన మరొకాయన సౌదీ ఎడారి నుండి అదే మొర పెట్టుకొన్నాడు. ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరారు. నజీబ్‌కు లేనిది, వీరికి ఉన్నది ఒక్క చేతిఫోను. ఆ చిన్న పరికరం మూడేళ్ళ నరకాన్ని కొద్ది వారాలకు తగ్గించింది.

ఆ ఫోను కూడా పనిచేయని చోటు ఉన్నది. అదే ఏడు ఆగస్టులో, సౌదీలో ఉద్యోగం చేస్తున్న కరీంనగర్ ప్రాంతపు యువకుడొకడు, ఒక సూడాన్ దేశస్థునితో కలిసి పని మీద రుబ్ అల్ ఖాలీ ఎడారిలోకి వెళ్ళాడు. రుబ్ అల్ ఖాలీ అనగా శూన్య చతుర్థాంశం. సుమారు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక. దారి చూపే యంత్రం మొరాయించింది. బండిలో ఇంధనం అయిపోయింది. ఫోనులో విద్యుత్తు ఆరిపోయింది. నాలుగు రోజుల తరువాత బండి ప్రక్కనే, నమాజు చాపల మీద ఇద్దరి దేహాలు కనిపించాయని వార్త. వారిని ఎవరూ బంధించలేదు, కొట్టలేదు. వారి సంస్థకు వారు ఎక్కడికి వెళ్ళారో తెలుసు. అయినా నాలుగు రోజులు పట్టినది. అడాల్ఫ్ లెక్క ప్రకారం వారికున్న గడువు రెండు రోజులు.

ఇక కఫీల్ అనే మాట. అరబ్బీలో, ఉర్దూలో దీనికి జామీను ఉండేవాడు, పూచీపడేవాడు అని అర్థం. ఎంత మంచి మాట! పరదేశం నుండి వచ్చినవాడికి నేను పూచీ అని చెప్పేవాడు. ఆచరణలో అది తలక్రిందులైనది. కూలివాడి నివాసపు హక్కు ఆ ఒక్క యజమాని పేరుతో ముడిపడి ఉండడం వల్ల, పూచీపడినవాడు విడిచిపెడితే తప్ప పని మారలేని పరిస్థితి ఏర్పడింది. 2021 మార్చి 14 నుండి సౌదీ ప్రభుత్వం ఈ పద్ధతిని చాలావరకు సడలించింది. ఇంటి పనివారిని, తోటమాలులను, సొంత కార్ల డ్రైవర్లను, పశువుల కాపరులను మాత్రం ఆ సడలింపు నుండి మినహాయించారు. ఎవరికి అత్యవసరమో వారిని వెలుపల ఉంచిన సంస్కరణ అది. మన వైపున 1983 నాటి వలసల చట్టం ఉన్నది. పదవ తరగతి గట్టెక్కనివాడు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి ముద్ర కావాలి. ఏజెంటు రిజిస్టరు అయినవాడై ఉండాలి. అతడు తీసికోదగిన రుసుము 30 వేల రూపాయలకు, దాని పైపన్నుకు మించరాదు. ఒప్పంద పత్రంలో పని పేరు, జీతం ఉండాలి. కాగితం మీద ఇదంతా సలక్షణంగానే ఉన్నది.

ఆ కాగితం నా చేతికి కూడా ఒకసారి వచ్చింది. 2012 వేసవిలో, మా కాలనీలో గోడలు కట్టే పాలమూరు మేస్త్రి ఒకనాటి సాయంత్రం ఒక మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. నిజామాబాదు వైపు ఊరు. ముప్పై దాటని వయస్సు. సౌదీకి పోవడానికి వీసా ముద్ర కోసం ఢిల్లీ వచ్చి, పహాడ్‌గంజ్‌లో ఒక లాడ్జిలో ఏజెంటు తాలూకు మరి పదిమందితో కలిసి ఉంటున్నాడు. ఆయన చేతిలో రెండు పేజీల ఒప్పందం. ఒక ప్రక్క అరబ్బీ, ఒక ప్రక్క ఇంగ్లీషు. "జర తెలుగుల రాసియ్యి సారూ, ఇంట్ల మా ఆమెకు ఇచ్చిపోత," అన్నాడు.

నేను కూర్చొని వ్రాశాను. జీతం, గడువు, సెలవులు, మరణిస్తే దేహాన్ని పంపే ఖర్చు ఎవరిదన్న షరతు. పని అన్న చోట ఇంగ్లీషులో 'ఫారం వర్కర్' అని ఉన్నది. వ్యవసాయ క్షేత్రంలో పనివాడు అని వ్రాశాను. అచ్చమైన అనువాదం. నా గురువులు చూచినా తప్పుపట్టరు.

"ఏం పని రాసిన్రు సారూ?" అని అడిగాడు.

"వ్యవసాయ క్షేత్రంలో పని."

"అంటే తోటనా?"

"తోటే అయి ఉంటుంది," అన్నాను. అక్కడ ఖర్జూరపు తోటలుంటాయని ఎక్కడో చదివిన జ్ఞాపకం.

"తోటైనా మంచిదే. యాటలు మేపుమన్నా మేపుత సారూ. మా తాతల కాడికెంచి మాది గదే పని. యాటలంటె నాకు ఎర్కనే," అని నవ్వాడు.

"యాటలంటే?"

ఇంత చదువుకొన్నవాడికి ఇది తెలియదా అన్నట్లు మేస్త్రి వైపు చూచి, "గదే సారూ, గొర్లు, మేకలు," అన్నాడు. నేను ఆ మాటను నా నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను. మాటలు సేకరించే పిచ్చి నాకుండేది. టీ త్రాగి, డబ్బులు ఎంతని అడిగి, వద్దంటే దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ శీతకాలంలో దరియాగంజ్ పుస్తకాల దుకాణంలో జోసెఫ్ కోయిప్పళ్ళి అనువాదం కొని, రెండు రాత్రులలో చదివాను. మేకల దొడ్డి వచ్చిన పుట దగ్గర పుస్తకం మూసి, చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఫారం అన్న మాటకు ఆ దేశంలో తోట అని ఒక్కటే అర్థం కాదని, ఎడారిలో తీగ కంచె వేసిన పశువుల దొడ్డి కూడా ఫారమే అని అప్పుడు తెలిసింది. ఆ మనిషి సరిగా అడిగాడు. తోటనా, యాటలా అని రెండు మాటలూ పలికాడు. నాకు తెలియదు, ఏజెంటును అడిగి వ్రాయించుకో అని చెప్పి ఉండవలసినది. తెలియని చోట తెలిసినట్లు పూరించడం అనువాదకుడు చేయదగని పని. నేను ఆ పనే చేశాను.

మరునాడే మేస్త్రిని వెతికి అడిగాను. "పోయిండు సార్, దసరకు ముందే పోయిండు," అన్నాడు. ఫోను వచ్చిందా అంటే, ఇంటికి వచ్చే ఉంటుందిలెండి అన్నాడు. ఇంటి నంబరు అతని వద్ద లేదు. ఒప్పందం మీద ఊరి పేరు ఉండి ఉండాలి. నేను జీతం అంకెలు చూచినంత శ్రద్ధగా ఆ పేరు చూడలేదు. తరువాత రెండు మూడేళ్ళకు మేస్త్రి కూడా గుడ్‌గావ్ వైపు పెద్ద పనులు ఉన్నాయని సంసారంతో తరలిపోయాడు.

చిత్రం చూచి వచ్చిన రాత్రి పాత నోటుపుస్తకాలు తీసి వెతికాను. దొరికింది. 'యాట: గొర్రె, మేక; నిజామాబాదు' అని ఉన్నది. ప్రక్కన చెప్పినవారి పేరు వ్రాయడం నా అలవాటు. ఆ చోట ఖాళీగా ఉన్నది.

ఇప్పుడు ఎవరైనా అటువంటి కాగితం తెస్తే, పని అన్న చోట తెలుగులో వ్రాసిన తరువాత క్రింద మరొక వరుస చేరుస్తున్నాను: తోటా, ఇల్లా, పశువులా, ఊరికి ఎంత దూరం, ఫోను పనిచేస్తుందా, పాస్‌పోర్టు ఎవరి వద్ద ఉంటుంది. జవాబుల కోసం ఖాళీ విడిచి, ఏజెంటుతో దానిలో నింపించి సంతకం చేయించుకొమ్మని చెబుతాను. ఇప్పటికి ఏడుగురు తెచ్చారు. నింపించుకొని తిరిగి వచ్చి చూపినవారు ఇద్దరు.